లారీ డ్రైవర్‌కు నెలకు లక్షలు: ఆ అంకెలో ఎవరి డబ్బు ఎంత?

“అమెరికాలో ట్రక్ డ్రైవర్‌కు ఏడాదికి కోటి” అని ఒక రీల్. “సౌదీకి ట్రైలర్ డ్రైవర్లు కావలెను, వసతి ఉచితం” అని బస్టాండు గోడ మీద పోస్టరు. “లారీ తీసుకో, నెలకు నాలుగు లక్షల కిరాయి” అని ఫైనాన్స్ ఏజెంటు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడి చెవిన ఈ మూడూ పడుతూనే ఉంటాయి. నరసన్నపేట దగ్గర డాబాలో టీ తాగుతున్న లైను డ్రైవర్‌ని, అంటే దూరాలకు లోడు తోలేవాణ్ణి, అడిగితే మాత్రం “ఏటుంది బాబూ ఈ డ్రైవరీలో, తిండికీ బత్తాకీ సరి” అంటాడు.

ఈ నలుగురిలో పచ్చి అబద్ధం చెప్పేవాడు ఎవడూ లేడు. ఒకరు జీతం చెబుతున్నారు, ఒకరు కిరాయి చెబుతున్నారు, ఒకరు ఖర్చులు తీయని మొత్తం చెబుతున్నారు. డాబా దగ్గరివాడు అన్నీ పోగా జేబులో మిగిలింది చెబుతున్నాడు. డ్రైవింగ్‌లో బాగా డబ్బొచ్చే దారి ఏది అన్న ప్రశ్న చిక్కుపడేది ఇక్కడే. కింది లెక్కల్లో ప్రైవేటు జీతాలు, కిరాయిలు, ఖర్చులు ఉదాహరణ కోసం వేసుకున్నవి. చట్టాల్లోని అంకెలు, ప్రభుత్వ స్కేళ్లు మాత్రం నిజంగా ఉన్నవే.

## “నెలకి ఎంతొస్తాది?” అంటే ఏది?

లారీ లైన్లో డబ్బు నాలుగు పేర్లతో తిరుగుతుంది. జీతం అంటే బండి కదిలినా కదలకపోయినా ఓనరు నెలకు ఇచ్చేది. బత్తా అంటే ట్రిప్పు మీదున్న రోజుల ఖర్చుకని ఇచ్చేది. తిండి తగ్గించుకుని దాంట్లోంచే ఇంటికి పంపేవాళ్లు ఎక్కువ కాబట్టి అదీ సంపాదన కిందే చెప్పుకుంటారు. మిగులు వేరు. కొందరు ఓనర్లు డీజిలు, దారి ఖర్చులు, కూలీలు అన్నీ కలిపి ట్రిప్పుకు ఇంత అని ముట్టజెప్పేస్తారు. పొదుపుగా నడిపి దాంట్లో ఎంత మిగిల్చుకుంటే అంత డ్రైవర్‌దే. ఇక కిరాయి లోడు యజమాని లారీకి ఇచ్చేది. అది డ్రైవర్ సొమ్ము కాదు, ఓనరు చేతిలో కూడా ఎక్కువసేపు నిలవదు.

మిగులు లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. శ్రీకాకుళం నుంచి కోల్‌కతా వెళ్లి తిరిగి రావడానికి సుమారు 1,600 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్ల యావరేజి చొప్పున ఓనరు 400 లీటర్లకు డబ్బు కట్టాడనుకుందాం. గేరు సరిగ్గా వేస్తూ, అనవసరంగా ఇంజను ఆన్‌లో ఉంచకుండా నడిపితే 4.2 వస్తుంది. అప్పుడు 381 లీటర్లతో సరిపోతుంది. మిగిలిన 19 లీటర్లు, లీటరు 97 రూపాయల లెక్కన, 1,800 పైచిలుకు. యావరేజిలో పాయింటు రెండు తేడా రెండు రోజుల కూలి అన్నమాట. మంచి డ్రైవర్‌కీ మామూలు డ్రైవర్‌కీ సంపాదనలో తేడా కనబడేది జీతం దగ్గర కాదు, ఇదిగో ఇలాంటి చోట.

మరి నెల మొత్తం మీద? జీతం 15,000 అనుకుందాం. నెలకు నాలుగు కోల్‌కతా ట్రిప్పులు, ట్రిప్పుకు బత్తా 4,000. మొత్తం 31,000. ఊళ్లో చెప్పుకునేది ఈ 31 వేలే. ఇందుకు 26 రోజులు రోడ్డు మీద ఉండాలి. రెండు పూటల భోజనం, టీ, స్నానం, ఫోను కలిపి రోజుకు 350 అయితే 9,100 అక్కడే పోయింది. మిగిలింది 21,900. రోజుకు 842 రూపాయలు.

ఇదే కుర్రాడు టెక్కలి దగ్గర క్రషర్‌లో టిప్పరు తోలుతూ 26 రోజులకు 22,000 తెచ్చుకుంటున్నాడనుకోండి. రోజుకు 846. నాలుగు రూపాయలు ఎక్కువే. పైగా రాత్రికి ఇంటి అన్నం. లైను మీద డబ్బు ఎక్కువ అన్న మాట నిలబడాలంటే మిగులు ఉండాలి, లేదా ట్రిప్పులు పెరగాలి. ట్రిప్పులు పెరగాలంటే నిద్ర తగ్గాలి. లారీ లైన్లో చాలా ప్రమాదాలకు మూలం ఈ చిన్న లెక్కలోనే ఉందని నా అభిప్రాయం.

ట్రిప్పు అయ్యాక ఓనరు దగ్గర డైరీ విప్పినప్పుడు ఇంకో కోత మొదలవుతుంది. పంచరు 300, కాటా 150, పట్టా కట్టిన కూలి 400, ఆర్టీఏ చలానా ఇంత, అన్‌లోడింగ్‌లో రెండు బస్తాలు షార్టేజీ. ఇందులో ఏది ఓనరుది, ఏది డ్రైవర్‌ది అన్నది కాగితం మీద రాసుకునే అలవాటు మన వైపు తక్కువ. జీతం ఎంతని అడిగినవాడు షార్టేజీ ఎవరిదని కూడా అడగకపోతే వాడికి తెలిసింది సగమే.

## లైసెన్సు మెట్లు, జీతం మెట్లు

డ్రైవింగ్‌లో జీతం బండి సైజును బట్టి పెరుగుతుందని అనుకుంటాం. కొంతవరకు నిజమే. అసలు పెరిగేది మాత్రం ఆ సీట్లో కూర్చోవడానికి అర్హత ఉన్నవాళ్లు ఎంత తక్కువ ఉంటే అంత.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మామూలు లైసెన్సుకు 18 ఏళ్లు, రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలి. రవాణా లైసెన్సు నేర్చుకోవడానికి ముందు కనీసం ఏడాది పాటు కారు స్థాయి లైసెన్సు ఉండి ఉండాలి. 2019 సవరణ తర్వాత రవాణా లైసెన్సు గడువు 5 ఏళ్లు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన కూడా అదే ఏడాది తీసేశారు.

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక పాత చిక్కు తేల్చింది. కారు స్థాయి లైసెన్సున్నవాళ్లు బండి, సరుకు కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు వాహనాన్ని లైసెన్సు మీద వేరే ముద్ర (ఎండార్స్‌మెంటు) లేకుండానే నడపొచ్చని చెప్పింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి దీని కిందికే వస్తాయి. బీమా కంపెనీలు క్లెయిములు ఎగ్గొట్టడానికి వాడుకునే సందు ఒకటి మూసుకుపోయింది కాబట్టి చిన్న బండ్లవాళ్లకు ఇది పెద్ద ఊరట. జీతం కోణంలో చూస్తే మాత్రం ఈ మెట్టు మీద తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవరైనా ఎక్కొచ్చు. కాబట్టి ఆటో ట్రాలీ, పికప్ పనిలో కూలి ఎప్పుడూ కిందే ఉంటుంది.

పైన పది టైర్లు, పన్నెండు టైర్లు, ఆ పైన ట్రైలర్లు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) మీద అనుమతించే బరువులు పెంచింది. రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, పది టైర్ల బండిది 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. అదే లారీ, అదే డ్రైవర్, ఎక్కువ సరుకు. కిరాయి టన్నుల లెక్కన వస్తుంది కాబట్టి ఓనరుకు కొంత కలిసొచ్చింది, బత్తా ట్రిప్పు లెక్కన ఇస్తారు కాబట్టి డ్రైవర్‌కు అది చేరలేదు. పరిమితి మించి వేస్తే చట్టంలో జరిమానా 20,000, పైన ప్రతి టన్నుకూ 2,000. ఓవర్‌లోడు కిరాయి ఎవరికి, చలానా ఎవరికి అన్నది మళ్లీ ఆ డైరీ గొడవే.

## ట్యాంకర్ వెనక ఉన్న నాలుగంకెలు

పెట్రోలు ట్యాంకర్ వెనక ఒక పలక ఉంటుంది. దాని మీద 1203 అని రాసి ఉంటుంది. డీజిలు అయితే 1202, వంట గ్యాస్ మోసే బుల్లెట్ ట్యాంకర్ మీద 1075. సరుకు ఏదో భాష రాకపోయినా ఫైర్‌వాళ్లకు తెలియడానికి ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఇచ్చిన నంబర్లు ఇవి. పక్కనే మంట బొమ్మ, ఆపదలో ఎవరికి ఫోను చేయాలో నంబరు. క్యాబిన్‌లో ఇంకో కాగితం ఉండాలి. లీకైతే ఏం చేయాలి, ఏం చేయకూడదు అని.

ఈ పలక ఉన్న బండి నడపడానికి హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు. ప్రమాదకర సరుకు మోసే ముద్ర దాని మీద పడాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో తొమ్మిదో నిబంధన దీనికి మూడు రోజుల శిక్షణ పెట్టింది. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. ఈ ముద్ర గడువు 3 ఏళ్లు, మళ్లీ పొడిగించుకోవాలంటే ఒక రోజు రిఫ్రెషర్ శిక్షణ.

మూడు రోజులు ఏ మూలకి? కానీ ఆ మూడు రోజులూ, ఆ కాస్త ఇంగ్లీషూ చాలామందిని బయట నిలబెట్టేస్తాయి. విశాఖలో మల్కాపురం వైపు ఆయిల్ టెర్మినళ్లు ఉన్నాయి. మన వైపే రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలకు సాల్వెంట్లు, ఆసిడ్లు ట్యాంకర్లలో వస్తాయి. అంటే ఈ ముద్రకు పని వెతుక్కుంటూ ముంబయి పోనక్కర్లేదు. ఆయిల్ కంపెనీ కాంట్రాక్టు బండి అయితే ట్రాకింగ్ ఉంటుంది, స్పీడు మీద నిఘా ఉంటుంది, రాత్రిపూట నడపడం మీద ఆంక్షలుంటాయి. అవి విసుగనిపించినా కాంట్రాక్టరు నిద్ర లేకుండా పరిగెత్తించే వీలు తగ్గుతుంది.

ఇటువైపు కూడా చూడాలి. లోడింగ్ కోసం లైన్లో గంటలకు గంటలు నిలబడాలి. ఆ సమయానికి అందరూ డబ్బు ఇవ్వరు. సరుకు కొలతలో తేడా వస్తే మొదటి అనుమానం డ్రైవర్ మీదకే పోతుంది. వాల్వు దగ్గర చిన్న తప్పు జరిగితే ప్రాణం మీదికే వస్తుంది. ట్యాంకర్ జీతం ఎక్కువ అనేవాళ్లు చెప్పేదీ నిజం, ఆ ఎక్కువ భయానికి కట్టిన ధర అనేవాళ్లు చెప్పేదీ నిజం. ఖర్చు తక్కువ, ఇంటికి దగ్గర, ప్రతిఫలం ఖాయం అన్న మూడు లెక్కల్లో చూస్తే ఈ జిల్లాల కుర్రాడికి మొదట అందే పెద్ద మెట్టు ఇదేనని నాకనిపిస్తుంది.

దీని పక్కనే కనబడని దారులు రెండున్నాయి. ఒకటి ఓడీసీ, అంటే రోడ్డు కొలతలు మించిన సరుకు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు, గాలిమర రెక్కలు, రిఫైనరీల పెద్ద ట్యాంకులు. ముందు పైలట్ బండి, వెనక వందల చక్రాల ట్రైలర్, గంటకు నడక కంటే కాస్త ఎక్కువ వేగం. ఆ ట్రైలర్‌ను లాగే పుల్లర్ బండి నడిపేవాళ్లు దేశంలోనే తక్కువ, కాబట్టి జీతం బాగుంటుంది. అయితే చాలాచోట్ల ఆ బండి మీదే హెల్పరుగా ఏళ్లు గడిపినవాడి చేతికే స్టీరింగు ఇస్తారు. రెండోది ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే గనుల్లో డంపరు. గని శిక్షణ ఉండాలి, షిఫ్టు లెక్కన పని, దుమ్ములో బతుకు.

## సొంత లారీ: ఉద్యోగమా, వ్యాపారమా?

విజయనగరం నుంచి సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, రాయపూర్ పోయే దారిలో సాలూరుది ప్రత్యేకమైన చోటు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, అంతకుముందు విజయనగరం జిల్లాలోదే. ఊరంతా లారీల మీద బతికిన ఊరు. ఓనర్లు, డ్రైవర్లు, బాడీ కట్టేవాళ్లు, టైర్లవాళ్లు, ఫైనాన్సర్లు. డ్రైవర్‌గా మొదలై ఓనరైనవాళ్ల కథలు అక్కడ ఎన్నైనా వింటారు. ఓనరుగా మొదలై మళ్లీ డ్రైవరైనవాళ్ల కథలూ అక్కడే ఉంటాయి, కాకపోతే వాళ్లు అంత గట్టిగా చెప్పుకోరు.

ఒక లెక్క వేద్దాం. పన్నెండు టైర్ల లారీ, బాడీతో కలిపి 45 లక్షలు. చేతి నుంచి 9 లక్షలు, ఫైనాన్స్ 36 లక్షలు, 11 శాతం వడ్డీ, 60 నెలలు. నెల కిస్తీ సుమారు 78,300.

నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగి, రాను పోను లోడుతో 4,20,000 కిరాయి వచ్చిందనుకుందాం. ఏజెంటు చెప్పిన నాలుగు లక్షలు ఇవే. ఇప్పుడు ఖర్చులు. లీటరుకు 4 చొప్పున 2,000 లీటర్ల డీజిలు, 1,94,000. నాతవలస, మడపాం మొదలుకొని దారి పొడుగునా టోలు 40,000. డ్రైవర్, క్లీనర్ జీతాలు, బత్తాలు 40,000. టైర్ల అరుగుదల 26,000. చాలామంది మరిచిపోయే ఖర్చు ఇది. టైరు ఈ నెల మార్చలేదు కాబట్టి ఈ నెల ఖర్చు లేదనుకుంటారు. సర్వీసు, రిపేర్లు 10,000. బీమా, ట్యాక్సు, పర్మిట్, ఫిట్‌నెస్‌కి నెలకు 10,000. బ్రోకరు కమీషన్, లోడింగ్, చిల్లర 10,000. మొత్తం 3,30,000. మిగిలింది 90,000. కిస్తీ పోతే 11,700.

ఓనరే డ్రైవరైతే జీతం కింద పోయే ఓ 25,000 ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు 36,700. పర్వాలేదే అనిపిస్తుంది. కానీ రాయపూర్ నుంచి తిరుగు లోడుకు రేటు పడిపోయి నెల కిరాయి 3,90,000కి దిగిందంటే 30,000 పోయింది, చేతిలో 6,700. ఆ నెల గేరుబాక్సు పోతే చెప్పక్కర్లేదు.

ఆదాయపు పన్ను శాఖ దీన్నెలా చూసిందో గమనిస్తే ఆసక్తిగా ఉంటుంది. 1961 చట్టంలో పది లారీలు మించనివాళ్లకు ఊహాత్మక ఆదాయం అని ఒక వెసులుబాటు పెట్టారు. 12 టన్నులు దాటిన బండికి మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 రూపాయల ఆదాయం వచ్చినట్టు లెక్క చూపితే చాలు, పుస్తకాలు రాయక్కర్లేదు. పన్నెండు టైర్ల 35 టన్నుల లారీకి అది 35,000. ఓనరే నడిపే బండి లెక్కలో మనకొచ్చిన దానికి చాలా దగ్గర.

ఓనరు కావడమే అసలైన ఎదుగుదల అనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. అరవై కిస్తీలు తీరాక నెలకు 78,300 బయటికి పోవడం ఆగుతుంది, బండి సొంతం. జీతగాడికి అయిదేళ్ల తర్వాత అలాంటిదేమీ ఉండదు. వద్దనేవాళ్ల వాదన కూడా వినాలి. ఆ అరవై నెలల్లో రెండు మూడు చెడ్డ నెలలు వరసగా వస్తే ఫైనాన్స్‌వాళ్లు బండి పట్టుకుపోతారు, చేతి నుంచి పెట్టిన 9 లక్షలూ పోతాయి. నా మటుకు, తేడా లోడు దగ్గర ఉంది. గ్రానైటుదో, రైస్ మిల్లుదో, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీదో ఖాయమైన లోడు మాట్లాడుకున్నవాడు నిలబడతాడు. బ్రోకరు ఆఫీసు బెంచీ మీద లోడు కోసం కూర్చునేవాడికి కిస్తీ తేదీ దగ్గరపడే కొద్దీ టెన్షనే. చివరికి ఏ రేటుకైనా ఒప్పుకుంటాడు.

## సౌదీ లెక్క రెండేళ్ల మీద వేస్తే

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్ కొత్త కాదు. నెలకు 2,200 రియాళ్లు అంటే, రియాల్ 23 రూపాయల లెక్కన, 50,600. ఇక్కడి లైను జీతం కంటే బాగా ఎక్కువ. ఒప్పందం మాత్రం నెలకు కాదు, రెండేళ్లకు. కాబట్టి లెక్క కూడా 24 నెలలకు వేయాలి.

మన హెవీ లైసెన్సుతో అక్కడ నేరుగా బండెక్కలేరు, అక్కడి లైసెన్సు తీసుకోవాలి. దానికి మూడు నెలలు పట్టిందనీ, అన్నాళ్లూ తిండి తప్ప ఏమీ రాలేదనీ అనుకుందాం. మిగిలిన 21 నెలల్లో తిండి, ఫోను, చిల్లరకు 500 రియాళ్లు తీస్తే నెలకు 1,700, అంటే 39,100. మొత్తం 8,21,100. వెళ్లడానికి ఏజెంటుకు 1,20,000 కట్టాడు. ఆ డబ్బు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, ఏడాదికి తీర్చాడు, వడ్డీ 28,800. పోగా మిగిలింది 6,72,300. ఇరవై నాలుగు నెలలకు పంచితే నెలకు 28,000 పైన పన్నెండు రూపాయలు.

ఇందులో తగ్గించుకోగలిగింది ఏజెంటు ఖర్చే. కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన సేవా రుసుము 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అది చేతి డబ్బుతో కట్టుకోగలిగితే అదే ఒప్పందంలో నెలకు 32,700 దాకా మిగులుతుంది. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలకు పోయేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి, దాంతో పాటే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద పంపించి “అక్కడికెళ్లాక మారుస్తాం” అనే దారిలో ఈ రెండూ ఉండవు.

యూరప్ పేరుతో కూడా ఇప్పుడు పోస్టర్లు వస్తున్నాయి. అక్కడ భారీ వాహనం నడిపేవాళ్లకు లైసెన్సుతో పాటు కోడ్ 95 అనే వృత్తి అర్హత ఉండాలి, అయిదేళ్లకోసారి 35 గంటల శిక్షణ తీసుకోవాలి. అది ఎవరి ఖర్చుతో, ఎన్ని నెలల్లో అన్నది చెప్పని పోస్టరు సగం పోస్టరు.

## అమెరికా కోటి

ఈ కోటికి ఆధారం ఉంది. 2022 ఏప్రిల్‌లో వాల్‌మార్ట్ తన లారీ డ్రైవర్లకు మొదటి ఏడాదే 95,000 నుంచి 1,10,000 డాలర్ల దాకా ఇస్తామని ప్రకటించింది. డాలరు 88 రూపాయలైతే పై అంకె 96 లక్షల పైచిలుకు. అయితే అది ఆ దేశంలో డ్రైవర్లు పోటీపడే కొలువు. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 2024 మే నాటికి భారీ లారీలు, ట్రైలర్లు నడిపేవాళ్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే. పన్నులు, అద్దెలు కూడా అక్కడి ధరల్లోనే కట్టాలి.

చాలా కంపెనీల్లో జీతం మైలు లెక్కన. మైలుకు 60 సెంట్లు, వారానికి 2,500 మైళ్లు నడిస్తే 1,500 డాలర్లు. గోదాముల దగ్గర వెయిటింగ్‌తో 1,900 మైళ్లే అయితే 1,140. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదని అక్కడి చట్టం, కాబట్టి పోయిన మైళ్లు రాత్రి లాగి పూడ్చుకునే వీల్లేదు. లోడు దగ్గర ఊరికే కాసుకుని ఉండే మన హాల్టింగ్ గొడవ అక్కడా ఉంది.

ఇంతకీ మన కుర్రాడు అక్కడికి వెళ్లగలడా? 2025 ఆగస్టు 21న అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో వాణిజ్య ట్రక్ డ్రైవర్ల ఉద్యోగ వీసాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది డ్రైవర్లకు ఇంగ్లీషు వచ్చి తీరాలన్న పాత నిబంధన అమలు కూడా గట్టిపడింది. అమెరికా ట్రక్ వీసా అని అడ్వాన్సు అడిగేవాడి దగ్గర ఈ తేదీ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

## ఎవరూ రీల్ చేయని సర్కారు స్కేలు

సరిహద్దు రోడ్ల సంస్థలో డ్రైవర్ మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్ పోస్టుది కేంద్ర వేతన పట్టికలో లెవెల్ 2, మూల వేతనం 19,900. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) కానిస్టేబుల్ డ్రైవర్‌ది లెవెల్ 3, 21,700. చూడ్డానికి చిన్నవే. 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం డీఏ కలిపితే మొదటిది 31,442, రెండోది 34,286. ఇతర అలవెన్సులు పైన. సెలవులో ఉన్నా జీతం పడుతుంది. మన జిల్లాల నుంచి సైన్యానికి, కేంద్ర బలగాలకు పోయేవాళ్లు ఎప్పటినుంచో ఎక్కువే కాబట్టి ఈ దారి తెలియనిదేం కాదు. వయసు, చదువు, ఒళ్లు పరీక్షలున్నాయి, పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. దీన్ని నమ్ముకుని కూర్చోలేం, వదులుకోకూడదు కూడా.

ప్రైవేటులో దీనికి దగ్గరగా వచ్చేది పీఎఫ్ కట్టే కంపెనీ. 15,000 మీద డ్రైవర్ 1,800 కడితే కంపెనీ ఇంకో 1,800 కట్టాలి. ఖాతాదారు పోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల బీమా ఉంటుంది. చేతికి రెండు వేలు తక్కువిచ్చినా ఇలాంటి చోటే మేలని పెద్ద డ్రైవర్లు చెబుతారు, కుర్రాళ్లు వినరు. ఇరవై రెండేళ్లవాడికి పీఎఫ్ ఎప్పుడో వచ్చే డబ్బులాగే కనబడుతుంది మరి.

## జీతంలో కనపడని రిస్కు

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో అది కలిసిపోయినా ఆ రెండు అంకెలూ అలాగే ఉన్నాయి. సింగిల్ డ్రైవర్‌తో కోల్‌కతా లైను నడిపే బండ్లలో ఎన్ని ఈ అంకెల్లో నడుస్తాయో ఆ లైను తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజను పక్కన కూర్చున్నవాడికి ఇది చిన్న విషయం కాదు. పాత బండ్లకు ఇది వర్తించదు.

ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న భారతీయ న్యాయ సంహిత 106(2) మీద 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగిపోయాయి. పెట్రోలు బంకుల దగ్గర క్యూలు చూశాం. ఆ ఏడాది జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క ఉపనిబంధనను పక్కన పెట్టారు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలు అన్నది డ్రైవర్ల మాట. పారిపోతే దెబ్బ తగిలినవాడు రోడ్డు మీదే చచ్చిపోతాడన్నది అవతలి మాట. రెండింటికీ సమాధానం ఇంకా రాలేదు. జీతం లెక్కలో దీనికి గడి లేదు గానీ, “లారీ డ్రైవర్‌కి పిల్లనివ్వం” అనే ఇళ్లలో ఈ లెక్క నోటితోనే వేసుకుంటారు.

## రోజుకు ఎంత?

పై ఉదాహరణలన్నీ రోజుకు దించితే ఇలా ఉంటాయి. కోల్‌కతా లైను 842. టెక్కలి టిప్పరు 846. ఏజెంటు అప్పుతో సౌదీ, నెలకు 30 రోజులూ లెక్కేసి, 934. లెవెల్ 2 సర్కారు ఉద్యోగం, సెలవులతో సహా, 1,048. కిస్తీ కడుతూ సొంత లారీ తానే నడిపేవాడికి మంచి నెలలో 26 రోజులకు 1,411, చెడ్డ నెలలో 258. ట్యాంకర్ జీతం కాంట్రాక్టును బట్టి మారుతుంది కాబట్టి ఇందులో పెట్టలేదు. లైను జీతం కంటే అయిదారు వేలు ఎక్కువిచ్చే చోట అది పై వరసలోకే వస్తుంది.

లక్షలు, కోట్లతో మొదలైన అంకెలు రోజు దగ్గరికి వచ్చేసరికి ఇంత పక్కపక్కకు చేరతాయి. వీటిలో పైకి లేచేవి రెండే రకాలు. ఒకటి అందరూ ఎక్కలేని సీటు, రెండోది ఖాయమైన లోడున్న సొంత బండి.

## పోర్టు వస్తే ఏ పని పెరుగుతుంది?

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రాయపూర్ నుంచి విశాఖకు ఆరు వరసల కొత్త రహదారి, సుమారు 464 కిలోమీటర్లు, మన వైపు నుంచే వస్తోంది. భోగాపురం విమానాశ్రయం ఉండనే ఉంది. “ఇక డ్రైవర్లకు పండగే” అన్న మాట వీటిని చూసే పుట్టింది. కట్టేటప్పుడు పని ఎక్కువగా టిప్పర్లకు, కాంక్రీటు మిక్సర్లకు ఉంటుంది. రాయి, ఇసుక, మట్టి. దీనికి హెవీ లైసెన్సు చాలు, కాబట్టి పోటీ ఎక్కువ, రేటు కిందే. పోర్టు నడవడం మొదలయ్యాక మాత్రం పని మారుతుంది. కంటైనర్ ట్రైలర్లు, గ్రానైటు దిమ్మెలు మోసే ట్రైలర్లు, రొయ్యలకు చల్లటి కంటైనర్లు, నూనె, రసాయనాలకు ట్యాంకర్లు. యార్డు నుంచి గోదాముకు, గోదాము నుంచి యార్డుకు పొట్టి ట్రిప్పులు. అక్కడ కిలోమీటరు బత్తా పనికిరాదు, ట్రిప్పు రేటు గానీ షిఫ్టు జీతం గానీ మాట్లాడుకోవాలి. గంగవరం, విశాఖ పోర్టుల్లో ఈ పద్ధతి ఇప్పటికే నడుస్తోంది. ట్రైలర్ రివర్సు సరిగ్గా వేయగలిగి, లైసెన్సు మీద ప్రమాదకర సరుకు ముద్ర ఉన్నవాణ్ణి అక్కడ ముందు పిలుస్తారు.